రిటర్న్ గడి

రాత్రి పదకొండు నలభై.
మర్రిగూడ దిక్కున మబ్బు మసిబట్టింది.
గాలి లేసింది, ఫీడర్ ట్రిప్పయింది.
గంతే ఆలస్యం,
టేబుల్ మీద ఫోన్ గిరగిర తిరుగుతది
ఎల్లెల్కల వడ్డ పెండపురుగు లెక్క.

"కరెంటెప్పుడిస్తవ్?"
"పన్నవా, సచ్చినవా?"
"బత్తాయిలు ఎండితే నువ్విస్తవా పైసలు?"
ఒకాయన మాత్రం ఏమనడు, తిట్టడు గూడ.
ఫోన్ జేసి ఊపిరిడుస్తడు.
అందరికంటె ఆయనకే నేను భయపడత.

పదమూడేండ్లు, గీ సబ్‌స్టేషన్ల షిఫ్ట్ ఆపరేటర్ని.
ఎర్రలైటుంటే కరెంటున్నట్టు,
పచ్చలైటుంటే లేనట్టు.
లోకం రివాజుకు ఉల్టా.
కొత్తల్ల నవ్వొచ్చేది.
ఇప్పుడు నల్లగొండ గడియారం సెంటర్ల
సిగ్నల్ పడితే చాలు
చెయ్యి జేబుల దాసుకుంటున్న.

మిరుగు పోయినంక నాల్గోరోజు.
ఇద్దయ్య ఎల్సీ తీస్కుండు.
మూడు పదికి, లైన్ మీద: పుస్తకంల రాసిన.
మూడు నలభైకి సర్పంచి.
మూడు నలభై రెండుకు ఏఈ సారు:
"ఎంతసేపయ్యా, పైనోళ్లు నన్ను తింటున్నరు."
మూడు నలభై మూడుకు ఎవరెవరో,
ఒకని మీద ఒకడు.
నా చెయ్యి లేసింది.
నేను లేపలే, అదే లేసింది.
బ్రేకర్ హ్యాండిల్ పట్టింది,
సగం తిప్పింది.

సగం.

ఫ్యాను గాలికి పేజీ లేసి పడ్డది.
ఇద్దయ్య సంతకం కనబడ్డది,
ఒకటో తరగతి పిలగాడు రాసినట్టు
ఒత్తు పక్కకు జారి.
దాని పక్క రిటర్న్ గడి ఖాళీ.

చెయ్యి ఇడిసిన.
స్ప్రింగు గుంజి హ్యాండిల్ ఎన్కకొచ్చింది
ఎక్కడిది అక్కడికే.
నేను రాలే.

నాలుగు పదికి ఇద్దయ్య చెప్పులు దులుపుకుంట వచ్చిండు.
సంతకం పెట్టిండు. "చాయ్ తాగుదమా" అన్నడు.
ఏం గాలే.
ఏం గాలే అని రాయనీకి
పుస్తకంల జాగ లేదు.

అప్పట్నుంచి ఇంట్ల ఫ్యాను బటన్ వెయ్యాల్నంటే
బిడ్డను పిలుస్త.
మణెమ్మ జూస్తది, అడగది.
తెల్లారగట్ల మూడింటికి లేసి కూసుంట,
లోపల ట్రాన్స్‌ఫార్మర్ మోత.

పెద్దాస్పత్రిల చీటీ రాసే పిల్ల
ఏం తక్లీఫ్ అనడిగితే
"గ్యాస్" అన్న.
మూడు నెల్లు గ్యాస్ గోలీలు మింగిన.

నడుమ పట్నం నుంచి ఒక సారొచ్చి క్లాసు జెప్పిండు.
కండ్లు మూసుకోండ్రి, నదిని తలుసుకోండ్రి.
నైట్ డ్యూటీలోళ్లం సగం మందిమి గుర్రువెట్టినం.
నాకు నది కానొచ్చింది గాని
దాని మీదికెళ్లి పదకొండు కేవీ లైను పోతుండె.

దసరా ఎల్లినంక
కంకర కుప్ప మీద కూసొని
ఇద్దయ్యకు జెప్పిన. సగం తిప్పిన అని.
ఆయన బీడీ ఆర్పిండు.
మళ్ల ముట్టిచ్చిండు.
"నేనెప్పుడెక్కినా తీగల మీద గొలుసేసి,
భూమికి కట్టే ఎక్కుత" అన్నడు.
"నీ మీద నమ్మకం లేక గాదు.
నీ ఫోను మోగుతనే ఉంటదని."

గప్పుడు ఏడ్సిన.
కంకర మీద, యూనిఫాం మీదనే.

తెల్లారి ఇద్దయ్యే బస్సెక్కిచ్చిండు.
చీటీ కాడ నాకంటె ముందే నిలబడి
"గ్యాస్ గాదు బిడ్డా, రంది.
రంది అని రాయి" అన్నడు.
ఆ పిల్ల పెన్ను కాసేపాగింది.
తర్వాత రూము నెంబరేసింది,
మెట్ల కింది రూము.

గోలీలు నడుస్తున్నయ్.
మేలయిందా అంటే ఏం జెప్పాలె,
నిన్న ఫ్యాను నేనే ఏసిన.
ఇయ్యాల్ల ఎయ్యలే.

మబ్బు గడగడలాడుతుంది.
ఫోన్ మళ్ల మోగింది.
గా ఊపిరాయనే.
కరెంటొస్తది ఆగు అనబోయి
"నిద్రవడ్తలేదా అన్నా?" అన్న.

శానసేపు ఏం లేదు.
తర్వాత, "లేదు" అన్నడు.

ఇద్దరం లైన్ మీదనే ఉన్నం.